నిన్న తెరిచిన సీసా

గోదావరి జిల్లాలకు వెళ్లి వచ్చానంటే మా కర్నూలు వాళ్లు ముందు అడిగేది పులస తిన్నావా అని. తినలేదు. అది వరద నీటి కాలంలో దొరికే చేప, నేను వెళ్లింది చలికాలం మొదట్లో. తర్వాత అడిగేది పాపికొండలు చూశావా అని. అవీ చూడలేదు. అక్కడున్నన్ని రోజులూ నేను ఒక వైట్ వైన్ సీసా వెంట తిరిగాను. ఆ మాట చెబితే నవ్వుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నన్ను పిలిచింది కెజియా. నేను పనిచేసిన పత్రికకే రాజమండ్రి నుంచి చాలా ఏళ్లు వార్తలు పంపి, కొంతకాలం క్రితం పోయిన మిత్రుడి కూతురు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో చేరింది. ఏ వంటకం పక్కన ఏ వైన్ పెట్టాలో చెప్పడం ఆమె పని. ఈమధ్య భీమవరంలో రొయ్యల చెరువుల యజమాని ఒకాయన బార్ లైసెన్సుతో ఏసీ రెస్టారెంటు పెడుతూ ఆమెను పిలిపించుకున్నారు. రొయ్యలకు తోడుగా ఆమె ఒక షార్డొనే ఎంచుకుంది. షార్డొనే అనేది ఒక రకం ద్రాక్ష. దాంతో చేసిన వైట్ వైన్‌కూ అదే పేరు. చాలామంది దాన్ని చెక్క పీపాల్లో నిలవ పెడతారట, అప్పుడు వెన్న వాసన వస్తుందట. ఈమె ఎంచుకున్నదానికి చెక్క తగల్లేదు. నాసిక్ వైపు ఎత్తు నేలల్లో పండిన ద్రాక్షను స్టీలు ట్యాంకుల్లో ఉంచి చేశారు. పులుపు ఎక్కువ, నోటికి చురుగ్గా తగులుతుంది. యజమాని ఆమె మాట మీద పెట్టెలు పెట్టెలుగా తెప్పించారు. ఆ తర్వాత తగువు మొదలైంది.

"అంకుల్, మీరొకసారి రావాలి," అంది ఫోన్లో. "దీని గురించి ఇద్దరు క్రిటిక్స్ రెండు రకాలుగా రాశారు. ఎవరిది నిజమో తేల్చమంటున్నారు మా ఓనరు రాజు గారు. పేపర్లో రాసింది పేపరాయనకే తెలుస్తుందంట."

"నాకు వైన్ గురించి ఏం తెలుసమ్మా?"

"అందుకేగా రమ్మంటున్నాను. తెలిసినవాళ్లిద్దరూ కొట్టుకుంటున్నారు."

రైల్లో

ఆ సమీక్షలు ఫోన్‌కు పంపింది. రైల్లో రెండేసి సార్లు చదివాను. ముంబై నుంచి రాసే ఒకావిడ ఆ వైన్‌ను నెత్తిన పెట్టుకుంది. నిమ్మతొక్క గిల్లినట్టు ఉందని, వాన పడ్డ రాయి వాసన వచ్చిందని, ఒక్కో గుక్కకూ నోరు కడిగి ఆరేసినట్టయిందని రాసింది. ఢిల్లీ నుంచి రాసే ఒకాయన ఉతికి పారేశాడు. పండకముందే కోసిన ద్రాక్ష, పలచన, పులుపు తప్ప లోపల ఏమీ లేదు, దీన్ని షార్డొనే అని అమ్మడం సాహసం అన్నాడు. మూడో సమీక్ష కూడా ఉంది. అందులో ఒక కుర్రాడు పెట్టిన ధరకు ఫరవాలేదని రాశాడు. అతన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ముగ్గురిలో బాగా రాసింది తిట్టినాయనే. పత్రికల్లో ఇది మామూలే. మెచ్చుకునేవాడు మాటలు వెతుక్కుంటాడు. తిట్టేవాడికి అవి వాటంతట అవే వస్తాయి. భీమవరం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది కూడా ఆ తిట్టే.

డెస్క్‌లో కూర్చున్నన్నాళ్లూ ఇలాంటి జంటలు నాకు చాలా వచ్చాయి. ఒకే సభకు ఇద్దరు విలేకరులు వెళ్తే, ఒకరు జనం పోటెత్తారని పంపేవారు, ఇంకొకరు కుర్చీలు ఖాళీ అని. ఇద్దరూ కళ్లతో చూసిందే రాసేవారు. ఫోన్ చేసి "ఎన్నింటికి వెళ్లావయ్యా?" అని అడిగితే సగం తగువు తీరేది. ఒకరు మొదట్లో వెళ్లారు, ఒకరు భోజనాలు అయ్యాక వెళ్లారు. ఈ సమీక్షకులకు ఫోన్ చేసే వీలు నాకు లేదు.

రాజమండ్రి

స్టేషన్ బయట రెండు ఆటోలు రాసుకుని ఆగాయి. డ్రైవర్లిద్దరూ దిగారు. మా వైపైతే ఈపాటికి చొక్కాలు పట్టుకునేవారు.

"కళ్లు కనపడట్లేదాండీ మీకు?"

"మీకే కనపడట్లేదండీ! అద్దం ఎందుకు పెట్టారండీ, తల దువ్వుకోడానికా?"

తగువు చివరిదాకా ఒక్క 'అండీ' కూడా జారిపోలేదు. కెజియా నన్ను స్కూటర్ ఎక్కించుకుని ముందు రోజ్ మిల్క్ తాగించింది. గ్లాసు నలభై రూపాయలు. ఇక్కడి వాళ్లు ఊరి గొప్పల్లో దీన్ని కూడా కలిపి చెబుతారు. నాకు తీపి ఎక్కువనిపించింది. ఆ సంగతి చెప్పకూడదని అప్పుడే నేర్చుకున్నాను.

"బాగుంది," అన్నాను.

"నచ్చలేదన్నమాట," అంది కెజియా. "మా దగ్గర 'బాగుంది' అంటే తాగొచ్చు అని అర్థం అంకుల్. 'చాలా బాగుందండి' అంటే నచ్చినట్టు. 'వెరైటీగా ఉందండి' అంటే ఇంకోసారి తేవద్దని. ఈ ఊళ్లో క్రిటిక్‌గా బతకడం కష్టం."

ఇంట్లో వాళ్లమ్మ ప్రమీల గారు ఎదురొచ్చారు. మిషన్ స్కూల్లో టీచర్. కెజియా సీసా మూత తిప్పుతుంటే ఆవిడ తలుపు దగ్గరే నిలబడ్డారు.

"మా ఇంట్లోకి వచ్చిన మొదటి సీసా ఇదే అన్నయ్య గారూ. ఆయన విలేకరై ఉండి కూడా ఏనాడూ తేలేదు. ఈ పిల్ల ఉద్యోగం పేరు చెప్పి తెచ్చింది."

"అమ్మా, వాసన చూడు. వాసన పాపం కాదు."

ఆవిడ గ్లాసు దూరంగా పట్టుకుని చూశారు. "చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసం తియ్యగా ఉంటుందండి. ఇది వాసనకే పళ్లు పులుస్తున్నాయి. మా పాస్టరు గారు ఒప్పుకోరు."

నేను తాగాను. ఒక కన్ను దానంతట అదే మూసుకుంది. పచ్చి గోంగూర ఆకు నమిలినట్టు ముందు పులుపు, వెనక పులుపు. మధ్యలో ఏముందో వెతుక్కునేలోపే అయిపోయింది. రెండో గుక్కలో నిమ్మ వాసన దొరికింది, అదీ సమీక్షలో చదివాను కాబట్టి. ఢిల్లీ ఆయనదే నిజమనిపించింది.

"చెప్పండి," అంది.

"వెరైటీగా ఉందమ్మా."

ఆమె నవ్వలేదు. మూత బిగించి సీసా ఫ్రిజ్‌లో పెట్టింది. సగానికి కాస్త తక్కువ ఖాళీ అయింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆదివారం రెస్టారెంటు ప్రారంభం. ఈలోగా తేలకపోతే పెట్టెలు వెనక్కి పంపేసి, బీరు విస్కీలతో సరిపెడతారు రాజు గారు. బీరు మూత తియ్యడానికి ఆమె ఎందుకు? బెంగళూరు హోటల్ వాళ్లు తిరిగి రమ్మంటున్నారు. సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పాలి.

"వెళ్తే నష్టమేముంది?" అన్నాను.

"అక్కడ ఎవరో రాసిన లిస్టు పట్టుకుని తిరుగుతాను అంకుల్. ఇక్కడ లిస్టు నాది. మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది."

సాయంత్రం ప్రమీల గారు బొమ్మిడాయిల పులుసు పెట్టారు. సన్నగా, పాములా ఉండే చేపలు. గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని నాకి, చింతపండు పులుసు ఇంకాస్త పోశారు. ఇల్లంతా మెంతుల వాసన. చేతులు కడుక్కుని కూర్చున్నాను. పప్పూ, కోడిగుడ్డు అట్టూ వచ్చాయి.

"పులుసండీ?"

"అది రేపటికండి."

"అదుగో, పొయ్యి మీదే ఉందిగా?"

"ఇప్పుడు తింటే చింతపండు చింతపండే, చేప చేపేనండి. తెల్లారేసరికి రెండూ కలుస్తాయి. ఇవాళ తిని బాగోలేదన్నారనుకోండి, ఆ మాట నాకు పడుతుంది కదా."

మా వైపు సంకటి చల్లారితే వడ్డించినవాళ్లను తప్పుపడతారు. ఇక్కడ వేడిగా పెడితే తప్పట. ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెబుతారని కెజియా అంది. చేపల పులుసును వండిన రోజు ఎవరూ రుచి కట్టరు. పప్పు కలుపుకుంటూ ఆ గిన్నె వంక చూశాను.

జంగారెడ్డిగూడెం

మర్నాడు పొద్దున్నే పులుసు స్టీలు క్యారియర్‌లోకి ఎక్కింది. తెరిచిన సీసా, కొత్త సీసా ఐస్ బాక్సులోకి ఎక్కాయి. రాజు గారు ఆ రోజు మెట్టలో ఉన్న పామాయిల్ తోటలో ఉంటారని తెలిసి ముందు అద్దె కారులో అటు వెళ్లాం. గోదావరి దాటి, కొవ్వూరు దాటి, దేవరపల్లి దగ్గర నేల రంగు మారింది. పచ్చటి వరి పోయి ఎర్రమట్టి, జీడిమామిడి, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కనిపించాయి. పోలవరం వైపు వెళ్లే లారీల వెనక దుమ్ములో చాలాసేపు నడిచింది మా కారు. ఈ నేల చూస్తే నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఆ మాటంటే "మెట్టంటే అంతేనండి" అన్నాడు డ్రైవరు, సానుభూతిగా.

తోట గేటు దగ్గర ఐస్ బాక్సు తెరిచి చూస్తే ఐసంతా నీళ్లయింది. రెండు సీసాల లేబుళ్లూ ఊడి నీళ్లలో తేలుతున్నాయి. కెజియా వాటిని తీసి డాష్‌బోర్డు మీద ఆరబెట్టింది. అవి ముడుచుకుపోయి, ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

సుబ్బరాజు గారికి అరవై దాటి ఉంటాయి. మోటార్ సైకిల్ మీద చెట్ల మధ్య నుంచి వచ్చారు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"రండి ఎడిటర్ గారూ!"

"ఎడిటర్‌ను కాదండీ. డెస్క్‌లో పనిచేశాను."

"అదేలెండి. కూర్చోండి ఎడిటర్ గారూ."

చెట్ల కింద కుర్చీలు వేయించి, అప్పుడే వేయించిన జీడిపప్పు పెట్టించారు. ఒక ఫోన్ తీసి ఢిల్లీ ఆయన సమీక్ష చూపించారు. దాన్ని ఆయనకు ఆరుగురు పంపారట. ముంబై ఆవిడ సమీక్షను కెజియా ఒక్కతే పంపింది.

"నాకు అర్థం కానిదొకటే అండి. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరి నాలుకలూ మంచివే. ఒకరు అమృతం అంటారేంటి, ఒకరు పుల్ల మజ్జిగ అంటారేంటి? మా రొయ్యకి కౌంటు ఉంటుందండి. కేజీకి నలభై తూగితే నలభై కౌంటే. కొనేవాడు తూచినా అంతే, నేను తూచినా అంతే. మరి దీనికి కౌంటేదండీ?"

"రొయ్య రుచికి కౌంటుందాండీ?" అంది కెజియా.

"రుచి ఎవరడిగారమ్మా? కంటైనర్ ఎక్కిందా లేదా, అంతే."

"ఇప్పుడు మీరు కంటైనర్‌కి పంపట్లేదండి. టేబుల్ మీద పెడుతున్నారు."

ఆయన ఆమె వంక చూశారు. కోపం రాలేదు గానీ నవ్వూ రాలేదు. "సరే అమ్మాయ్. ఇవాళ సాయంత్రం మన వర్మనీ ప్రసాదునీ పిలుస్తాను. వాళ్లు తాగుతారు, నేను తాగుతాను. ఎడిటర్ గారు ఉంటారు. తేలిందా, ఉంటుంది. లేదా, రేపు లారీకి ఎత్తించేద్దాం. మొహమాటం లేదు."

"అలాగేనండి," అంది. కారెక్కాక జంగారెడ్డిగూడెం సెంటర్ దాటేదాకా ఫోన్లో ఆ సమీక్షలే మళ్లీ చదివింది.

భీమవరం

తాడేపల్లిగూడెం దాటి కిందికి దిగేసరికి మళ్లీ నీళ్లు. రోడ్డుకు అటూ ఇటూ చెరువులు, వాటిలో తిరుగుతూ నురగ లేపే ఏరేటర్లు, ఎదురుగా నీళ్లు కారుస్తూ వచ్చే ఐసు లారీలు, కాలేజీ బస్సులు. వరి పొలం ఎక్కడైనా కనిపిస్తే అదే వింతగా ఉంది. మా వైపు బోరులో రెండంగుళాల నీళ్లు పడితే కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ నీళ్లు ఎక్కువై తోడి పోసుకుంటున్నారు.

రెస్టారెంటు మొదటి అంతస్తులో ఉంది. ఇంకా పెయింటు వాసన వస్తోంది. కుర్చీల మీది ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. చీకటి పడేలోపే అతిథులొచ్చారు. వర్మ గారిది ఐసు ఫ్యాక్టరీ. సన్నగా, నెమ్మదిగా ఉంటారు. ప్రసాదు గారు రొయ్యల మేత డీలర్. ముందు ఆయన గొంతు వచ్చింది, తర్వాత ఆయన వచ్చారు. రాజు గారితో కలిపి ముగ్గురూ చిన్నప్పటి నుంచి స్నేహితులు. మామూలుగా ఏరా అనుకుంటారు, కోపమొస్తే మీరు అనుకుంటారు. ఇది నాకు కాసేపట్లో తెలిసింది.

కెజియా రొయ్యలు వేయించడానికి వంటింట్లోకి వెళ్తూ, "అంకుల్, నేను వచ్చేలోపు గ్లాసుల్లో పొయ్యండి" అంది. పోశాను. మా ఇంట్లో ఏ సీసా అయినా తెరిచింది అయ్యాకే కొత్తది తెరుస్తాం. మందుల సీసా అయినా, నూనె సీసా అయినా అంతే. అలాగే ముందు రాజమండ్రిలో తెరిచిన సీసా వంచాను. అది వర్మ గారికీ ప్రసాదు గారికీ సరిపోయింది. తర్వాత కొత్తది తెరిచి రాజు గారికీ నాకూ పోశాను. అతిథుల తర్వాతే ఇంటాయనకు పొయ్యాలని ఆయనే అన్నారు.

నాలుగు గ్లాసులు ఒకేసారి లేచాయి. రాజు గారి మొహం ముడుచుకుంది. నా కన్ను నిన్నటిలాగే మూసుకుంది.

"ఢిల్లీ ఆయన బంగారం," అన్నారు రాజు గారు. "ఉత్త పులుపు. ఏరా?"

వర్మ గారు ఇంకో గుక్క తాగి, "చాలా బాగుందిరా" అన్నారు.

"పులుపు ఉంది, ఉండాల్సిందేగా," అన్నారు ప్రసాదు గారు. "పండు వాసన కూడా ఉంది. పనసతొన ఒలిచిన చేతికి ఉంటుందే, అలాగ."

"నా మొహం చూసి చెప్పకండిరా. పెట్టుబడి పెట్టానని మొహమాటమా?"

"నీ దగ్గర నాకు మొహమాటమేంట్రా! నువ్వు కారు కొన్నప్పుడు ఏమన్నాను, గుర్తులేదా?"

"మరి ఈ పుల్ల నీళ్లలో పనసతొన ఎక్కడ కనపడిందిరా నీకు?"

"నీ నాలుక పాడైందిరా. మెట్ట గాలి తిని వచ్చావు."

"నా నాలుక సంగతి మీరు మాట్లాడకండి," అన్నారు రాజు గారు.

'మీరు' వచ్చేసింది. "మీకు నచ్చకపోతే అందరికీ నచ్చకూడదాండీ?" అన్నారు ప్రసాదు గారు గొంతు పెంచి. వర్మ గారు ఖాళీ గ్లాసు నా వైపు జరిపారు. నేను దాన్ని చూశాను. ఆయనది మొహమాటం కాదు. మొహమాటం ఉన్న మనిషి ఒక గ్లాసుతో ఆపేస్తాడు.

ఎవరి గ్లాసు వాళ్లు పట్టుకుని నలుగురం ఎవరి మాట మీద వాళ్లం ఉన్నాం. ఒకరి గ్లాసు ఒకరు రుచి చూస్తే తేలిపోయేది. ఆ ఆలోచన ఎవరికీ రాలేదు. ఎంగిలి కదా. వర్మ గారి గ్లాసులో పొయ్యడానికి సీసా ఎత్తినప్పుడు, ముందు పోసింది ఇది కాదని నాకు తట్టింది.

"రాజు గారూ," అన్నాను. "వాళ్లకు పోసింది వేరే సీసాలోదండి."

ఆయన రెండు సీసాలూ తీసి చూశారు. దేనికీ లేబుల్ లేదు.

"అమ్మాయ్!" అని పిలిచారు. కెజియా గరిటె పట్టుకునే వచ్చింది. "నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నావామ్మా? నాకు చెడ్డది పోసి, వాళ్లకు ఇంకోటేదో మంచిది పోయించి, నా నాలుకదే తప్పనిపిద్దామనా?"

ఆమె మొహం తెల్లబోయింది. "రెండూ ఒకటేనండి. లేబుల్స్ ఐసు నీళ్లలో ఊడిపోయాయి. కార్లో ఉన్నాయి, తెస్తాను." తర్వాత సీసాల వంక, నా వంక చూసింది. "అంకుల్! ఇది రాజమండ్రిలో తెరిచింది కదా! వంటలోకి వాడదామని ఉంచాను. తెరిచిన సీసా గెస్టులకు పోస్తారా ఎవరైనా?"

"మా ఇంట్లో అదే ముందు పోస్తామమ్మా," అన్నాను.

"నిన్నటిదా?" అన్నారు రాజు గారు.

"ఆయ్. నిన్నటిదేనండి," అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఆయన ప్రసాదు గారి గ్లాసు వైపు చెయ్యి చాపారు. ప్రసాదు గారు వెనక్కి తీసుకున్నారు. "ఎంగిలిరా."

"ఒకే కాలవలో ఈత నేర్చుకున్నాం, ఆ నీళ్లు తాగలేదేంట్రా? ఇటివ్వు."

తాగారు. కళ్లు మూసుకోలేదు. తన గ్లాసు తాగారు, మూసుకున్నారు. మళ్లీ ప్రసాదు గారిది తాగారు. అడుగున మిగిలింది నా వైపు జరిపారు. నేనూ తాగాను. పులుపు పోలేదు. కానీ నిన్న మధ్యలో ఖాళీగా ఉన్నచోట ఇవాళ ఏదో వచ్చి కూర్చుంది. పండు వాసన, చివర్లో కాస్త ఉప్పదనం. ముంబై ఆవిడ చెప్పిన వాన రాయి కూడా ఉందేమో గానీ, నేను ఒట్టు వెయ్యలేను.

కెజియా చివరి గుక్క తీసుకుని చాలాసేపు నోట్లో ఉంచింది. "పులుపు తగ్గలేదు," అంది నెమ్మదిగా. "మిగతావి లేచాయి. అరగంట ముందు తెరవమని మాకు నేర్పారండి. రోజు ముందు తెరవమని ఎవరూ చెప్పలేదు."

అప్పుడు వేపుడు వచ్చింది, అన్నం వచ్చింది, క్యారియర్ విప్పారు. పులుసు మీద నూనె తేరి ఎర్రగా ఉంది. వర్మ గారు ఒక ముద్ద తిని, "నిన్నటిదేనా అమ్మా?" అని అడిగారు.

"అవునండి. మా అమ్మ నిన్న పెట్టింది."

"మరింకేంట్రా," అన్నారు వర్మ గారు రాజు గారితో. ఆ సాయంత్రం ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

చెరువు గట్టు మీద

శనివారం పొద్దున రాజు గారు నన్ను చెరువుల మీదికి తీసుకెళ్లారు. మేత వేసిన తట్టను పైకి లాగి, రొయ్యలు ఎంత తిన్నాయో చూశారు. దీన్నిబట్టి ఇవాళ్టి మేత ఎంతో లెక్క కడతారట. రాత్రే రెండు కొత్త సీసాలు తెరిపించి ఫ్రిజ్‌లో పెట్టించారని అప్పుడు చెప్పారు. ఒక్కసారి చూసి నమ్మే మనిషి కాదు.

"ఎడిటర్ గారూ, ఇంతకీ ఎవరిది నిజం?"

"ఇద్దరూ ఎప్పుడు తెరిచారో రాయలేదండి. మా డెస్క్‌లో తేదీ లేని వార్త వేసేవాళ్లం కాదు. ఆయన ఒక రోజులో ఇరవై సీసాలు తెరిచి, గుక్కెడు గుక్కెడు తాగి రాశాడేమో. ఆవిడ ఒకటే సీసా రెండు పూటలు పెట్టుకుందేమో. నాకు తెలియదు. ఆవిడకు పులుపంటే ఇష్టమేమో, అంతే కావచ్చు కూడా."

"అంటే తేలలేదు."

"వాళ్ల సంగతి తేలలేదు. మీ సీసా సంగతి తేలింది."

ఆయన తట్ట నీళ్లలోకి వదిలేశారు.

మధ్యాహ్నం నలుగురం మళ్లీ కూర్చున్నాం. రాత్రి తెరిచిన సీసాలు నిన్నటి మాటే చెప్పాయి. రాజమండ్రి సీసా అడుగున మిగిలిన నాలుగు చుక్కలు కూడా కెజియా రుచి చూపించింది. అది చప్పబడిపోయింది. "మూడో రోజు పులుసూ అంతేగా," అన్నారు ప్రసాదు గారు.

కెజియాకు ఇంకా భయం పోలేదు. "రోజూ ఎన్ని తెరవాలో ఎలా తెలుస్తుందండీ? అమ్ముడవకపోతే పారబొయ్యాలి. మీరు మళ్లీ నన్నే అంటారు."

"పులుసు ఎంత పెట్టాలో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు రాజు గారు. "రేపు ఎవరొస్తారో తెలిసి పెడుతున్నామా? పెడతాం. మిగిలితే వంటింట్లోకి పంపు. ఒకటి మాత్రం చెయ్యి. లిస్టులో రెండుగా రాయి. ఇవాళ్టిది ఒకటి, నిన్నటిది ఒకటి. నిన్నటిది యాభై రూపాయలు ఎక్కువ."

"నిన్నటిది ఎక్కువాండీ? ప్రపంచంలో ఎక్కడా..."

"పడుకోబెట్టాం కదమ్మా ఒక రాత్రి. ఊరికేనా?"

ఆమె నా వంక చూసింది. నేను కిటికీలోంచి ఐసు లారీలు చూశాను. ధరల విషయంలో తలదూర్చకూడదని పత్రికలోనే నేర్చుకున్నాను.

ఆదివారం

చర్చి అయ్యాక ప్రమీల గారు బస్సులో వచ్చారు. రెస్టారెంటులో ఏమీ తాగలేదు. వంటింట్లోకి వెళ్లి అక్కడి పులుసు అరచేతిలో వేసుకుని, ఉప్పు సరిపోయిందని చెప్పి వచ్చారు. నా చేతికి ఒక చిన్న క్యారియర్ ఇచ్చారు. "రైల్లో తెరవకండి అన్నయ్య గారూ. ఇవాళే పెట్టాను."

మొదటి టేబుల్ దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నారు. పక్కన ఆయన తమ్ముళ్లు ఇద్దరు. ఏదో రైసు మిల్లు వాళ్లని రాజు గారు చెవిలో చెప్పారు. కెజియా నల్ల కోటు వేసుకుని వెళ్లి నిలబడింది. రాజు గారు స్తంభం పక్కన, నేను ఆయన పక్కన. ఆయన చేతిలోని ఫోన్లు రెండూ మోగుతున్నాయి, తియ్యడం లేదు.

"దీన్లో రెండు రాశారేంటమ్మా?" అని అడిగారు పెద్దాయన, కార్డు దూరంగా పట్టుకుని.

"వైన్ ఒకటేనండి. ఒకటి నిన్న తెరిచింది, ఒకటి ఇప్పుడు మీ ముందు తెరుస్తాం."

"పులుసు ఎప్పటిది?"

"నిన్నటిదండి."

"మరి ఇది మాత్రం ఇవాళ్టిది తాగుతామా? నిన్నటిదే తీసుకురా."

ముగ్గురికీ పోసింది. పక్కకు వచ్చి నిలబడింది. వాళ్లు మాట్లాడుకుంటూ, తింటూ, మధ్యలో గ్లాసులు ఎత్తుతూ ఉన్నారు. బాగుందని గానీ లేదని గానీ ఒక్కరూ అనలేదు. కాసేపటికి పెద్దాయన గ్లాసు టేబుల్ అంచుకు జరిపి, చేత్తో పిలిచారు. మళ్లీ పోసింది. ఇంకో రెండు టేబుళ్ల వాళ్లు, వాళ్లు తాగుతున్నదేంటని అడిగారు.

నా రైలు సాయంత్రం. బయల్దేరేముందు వెళ్తున్నానని చెప్పడానికి వంటింటి వెనకకు వెళ్లాను. కెజియా ఫ్రిజ్ ఎదురుగా నిలబడి సీసాలు చూస్తోంది. నిన్న సాయంత్రం తెరిచి పెట్టినవి రెండూ అయిపోయాయి.

"బెంగళూరు వాళ్లకు రేపు ఏం చెబుతున్నావు?" అని అడిగాను.

"ఉండండి అంకుల్," అంది. పెట్టెలోంచి కొత్త సీసాలు తీసింది. రెండు తీసి, కాస్త ఆలోచించి, మూడోది కూడా తీసింది. ఒక్కొక్క మూతా తిప్పి, కొంచెం గాలి ఆడనిచ్చి, మళ్లీ బిగించి ఫ్రిజ్‌లో వెనక వరసలో పెట్టింది.

"ఇవెవరికి?"

"రేపటికి," అంది.